క్లియరెన్స్ ఫారంలో గంజాయి సంగతి రాయాలా, దాచాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. చదివే మిగతావాళ్ల కోసం ముందు నీ సంగతి క్లుప్తంగా చెప్తాను. నీకు 24 ఏళ్లు. గుంటూరులో పుట్టి చిన్నప్పుడే అమ్మానాన్నలతో వర్జీనియా వచ్చావు. వాళ్లు సిటిజన్లు అయినప్పుడు నీకూ పౌరసత్వం వచ్చేసింది. ఇప్పుడు ఒక డిఫెన్స్ కాంట్రాక్టు కంపెనీ ఆఫర్ ఇచ్చింది, సీక్రెట్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్యపత్రాలు చూసే అనుమతి, వస్తేనే ఉద్యోగం. దానికి నింపే ఫారంలో డ్రగ్స్ వాడావా అని అడుగుతారు. కాలేజీలో ఫ్రెండ్స్‌తో అప్పుడప్పుడు వీడ్ తాగావు. చదువయ్యాక, ఎనిమిది నెలల కిందట, కొలరాడోలోని డెన్వర్ వెళ్లినప్పుడు షాపులో గమ్మీలు, అంటే గంజాయి కలిపిన మిఠాయిలు, కొని తిన్నావు. అదే చివరిసారి. ఒకసారి పరీక్షల ముందు రూమ్మేట్ దగ్గర ఆడెరాల్ (ఏకాగ్రత లోపానికి డాక్టర్లు రాసే మందు) మాత్ర తీసుకుని వేసుకున్నావు. "లేదని కొట్టెయ్, ఎవడికి తెలుస్తుంది" అంటున్నారు ఫ్రెండ్స్. "ఒకసారి కాగితం మీద పెడితే జన్మంతా మచ్చే" అంటున్నారు నాన్నగారు. ఏం చేయమంటావన్నా అని అడిగావు.

రాయి. అన్నీ రాయి. నువ్వు చెప్పినంత వాడకంతో క్లియరెన్స్ వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. అదే సంగతి దాచి దొరికినవాళ్ల దారి మాత్రం చాలా కష్టం. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే కారణం తెలియకుండా "నిజం చెప్పు" అంటే నీ టెన్షన్ తగ్గదు.

నా సంగతి కూడా చెప్పాలి. ఉత్తర వర్జీనియాలో డిఫెన్స్ కాంట్రాక్టు కంపెనీల్లో సెక్యూరిటీ ఆఫీసర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. ఎఫ్‌ఎస్‌ఓ అంటారు ఆ ఉద్యోగాన్ని. ఉద్యోగి నింపిన ఫారం ప్రభుత్వానికి వెళ్లేముందు అన్ని గడులూ నిండాయా లేదా అని చూసేది మేమే. అక్కడ చదివినదాన్ని కంపెనీలో ఇంకే పనికీ వాడకూడదని నిబంధన. అందుకే ఎవరి కథా ఇక్కడ చెప్పను. నేను చెప్పేదంతా బహిరంగంగా దొరికే నిబంధనల్లోంచి, పేర్లు తీసేసి ప్రచురించే తీర్పుల్లోంచి వచ్చిందే. నేను లాయర్ని కాను. లాయర్ ఎప్పుడు అవసరమో కూడా చెప్తాను.

ముందు "వర్జీనియాలో లీగలే కదా" అన్న మాట సంగతి తేల్చుకుందాం. 2021 జూలై 1 నుంచి వర్జీనియాలో 21 దాటినవాళ్లు ఒక ఔన్స్ దాకా దగ్గర పెట్టుకోవచ్చు. మేరీలాండ్‌లో 2023 జూలై నుంచి ఒకటిన్నర ఔన్సుల దాకా. కొలరాడో ప్రజలు 2012లోనే ఓటేసి ఒప్పుకున్నారు. అదంతా రాష్ట్రాల చట్టం. క్లియరెన్స్ ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వం, అది చూసేది 1970 నాటి ఫెడరల్ డ్రగ్స్ చట్టాన్ని. ఆ చట్టం మొదటినుంచీ గంజాయిని హెరాయిన్ ఉన్న షెడ్యూల్ 1 లోనే, అంటే అన్నిటికంటే కఠినమైన జాబితాలోనే పెట్టింది. 2024 మేలో దాన్ని షెడ్యూల్ 3 కి దించాలని న్యాయశాఖ ప్రతిపాదించింది. అలా దించినా, డాక్టర్ చీటీ లేకుండా సరదాకి తినే గమ్మీ దానివల్ల లీగల్ అయిపోదు. ఫారంలో డ్రగ్స్ ప్రశ్నల పైనే రాసి ఉంటుంది, రాష్ట్ర చట్టం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ప్రకారమే జవాబు చెప్పాలని. డెన్వర్ షాపు వాడు బిల్లు ఇచ్చి, నీ ఐడీ చూసి అమ్మినా సరే, నువ్వు రాయాల్సిందే.

ఇంకో చట్టం ఉంది, 2008లో వచ్చింది, బాండ్ అమెండ్‌మెంట్ అంటారు. ప్రస్తుతం చట్టవిరుద్ధంగా డ్రగ్స్ వాడుతున్నవాడికి, వాటికి బానిసైనవాడికి ఏ ఫెడరల్ ఏజెన్సీ కూడా క్లియరెన్స్ ఇవ్వకూడదు, ఉన్నది పొడిగించకూడదు. ఇక్కడ అసలు మాట "ప్రస్తుతం". నిన్నటి వాడకానికీ ఇవాళ్టి వాడకానికీ మధ్య గీత అక్కడుంది. నీ చేతిలో ఉన్నదీ ఆ గీతే.

ఇక ఫారం. ఎస్‌ఎఫ్-86 అంటారు, ఇప్పుడు ఈయాప్ అనే వెబ్‌సైట్‌లో నింపుతున్నారు. డ్రగ్స్ సంగతి 23వ సెక్షన్‌లో ఉంటుంది. గత ఏడేళ్లలో చట్టవిరుద్ధంగా ఏదైనా డ్రగ్ వాడావా అని మొదటి ప్రశ్న. ఒక్కసారి రుచి చూసినా వాడినట్టే లెక్క. అవును అంటే కొత్త గడులు తెరుచుకుంటాయి: ఏ డ్రగ్, మొదటిసారి ఏ నెల ఏ సంవత్సరం, చివరిసారి ఎప్పుడు, ఎన్నిసార్లు, ముందుముందు వాడే ఉద్దేశం ఉందా, ఎందుకు. కచ్చితమైన నెల గుర్తు లేకపోతే అంచనా అని టిక్ పెట్టే వీలుంది. సంఖ్య విషయంలో మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది. ఇరవైసార్లు వాడి "రెండు మూడుసార్లు" అని రాస్తారు. అలా చేయొద్దు. "2020 శరదృతువు నుంచి 2023 మే దాకా నెలకి ఒకటి రెండుసార్లు, ఎక్కువగా వీకెండ్ పార్టీల్లో" అన్నట్టు రాస్తే సరిపోతుంది. నీకు గుర్తున్నదానికి అది దగ్గరగా ఉండాలి, అంతే.

రెండో ప్రశ్న చాలామంది చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఏడేళ్లలో డ్రగ్స్ కొన్నావా, అమ్మావా, ఎవరికైనా అందించావా, పండించావా అని ఉంటుంది. నువ్వు షాపులో డబ్బులిచ్చి గమ్మీలు కొన్నావు కాబట్టి దీనికి కూడా అవుననే రాయాలి. కొని ఫ్రెండ్స్‌కి పంచితే అదీ రాయాలి. మొదటి దాంట్లో అవునని రాసి రెండో దాంట్లో లేదని రాస్తే, మరి తిన్నది ఎక్కడినుంచి వచ్చింది అని నీ వివరాలు ఆరా తీసే ఇన్వెస్టిగేటర్ అడుగుతాడు. అడిగాక చెప్పినదానికి విలువ తక్కువ.

ఆడెరాల్‌కి వేరే ప్రశ్న ఉంది. డాక్టర్ రాసిన మందుల్ని కావాలని తప్పుగా వాడావా, అది నీకోసం రాసినదైనా ఇంకొకరికి రాసినదైనా, అని. ఆడెరాల్ షెడ్యూల్ 2 మందు. రూమ్మేట్‌కి ఏడీహెచ్‌డీ ఉండి డాక్టర్ రాసిస్తే అది అతనికి మందు, నీకు కాదు. మన పిల్లల్లో, ముఖ్యంగా మెడిసిన్‌కి, ఇంజనీరింగ్‌కి చదివేవాళ్లలో, గంజాయి ముట్టనివాళ్లు కూడా దీన్ని తప్పనుకోకుండా వేసుకుంటారు. చదువుకోసమే కదా అనుకుంటారు. ఒక్కసారి, పరీక్షల ముందు, ఫలానా నెల, ఇక ఎప్పుడూ వేసుకోలేదు అని రాయి. అంతకుమించి సంజాయిషీ అక్కర్లేదు.

ఇదే చోట మన ఇళ్లలో జరిగే ఇంకో సంగతి చెప్పాలి. నువ్వు అడగలేదు కానీ ఇది చదివే చాలామందికి పనికొస్తుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చేటప్పుడు సూట్‌కేసులో మందుల సంచి ఒకటి ఉంటుంది. నిద్ర పట్టడానికి ఆల్ప్రాజోలామ్, నడుం నొప్పికి ట్రమడాల్, దగ్గుకి కోడీన్ ఉన్న సిరప్. ఇవన్నీ ఇక్కడ కంట్రోల్డ్ మందులే. ట్రమడాల్ 2014 నుంచి షెడ్యూల్ 4 లో ఉంది, ఆల్ప్రాజోలామ్ కూడా అందులోనే. అమ్మకి రాసిన మాత్ర కొడుకు నిద్ర పట్టక వేసుకోవడం మనకి మామూలు విషయం. క్లియరెన్స్ ఉన్నవాడికి, లేదా దానికి అప్లై చేసినవాడికి అది మామూలు విషయం కాదు. యూరిన్ టెస్టులో బయటపడితే చూపించడానికి నీ పేరు మీద చీటీ ఉండాలి. నొప్పి ఉంటే ఇక్కడి డాక్టర్ దగ్గరికి వెళ్లు.

భాంగ్ గురించి కూడా కొందరు అడుగుతుంటారు. హోలీకి నార్త్ వెళ్లినప్పుడు తాగాం, అక్కడ గవర్నమెంటు లైసెన్సు దుకాణమే కదా అని. నిజమే. ఇండియాలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయి పూలనీ, వాటి బంకనీ నిషేధించింది. ఒట్టి ఆకుని ఆ నిర్వచనంలో చేర్చలేదు, అందుకే కొన్ని రాష్ట్రాల్లో భాంగ్ అమ్ముతారు. అమెరికా చట్టంలో ఆకు వేరు పువ్వు వేరు అన్న మినహాయింపు లేదు. అక్కడ చట్టబద్ధంగా తాగినదాన్ని రాయాలా వద్దా అని వాదించుకోవచ్చు గానీ, నా సలహా రాసి, కామెంట్ గడిలో ఒక వాక్యంలో సందర్భం చెప్పెయ్యమనే. రాసినందువల్ల నీకు జరిగే నష్టం దాదాపు ఏమీ లేదు. తర్వాత వేరే దారిలో బయటపడితే జరిగే నష్టం ఎక్కువ.

రాశాక ఏమవుతుందో చూద్దాం. నిర్ణయం తీసుకునేవాళ్లకి ఒక కొలబద్ద ఉంది. 2017 జూన్ నుంచి అన్ని ఏజెన్సీలకీ అదే వర్తిస్తోంది, సీడ్-4 అంటారు. అందులో ఏ నుంచి ఎం దాకా 13 గైడ్‌లైన్లు ఉన్నాయి. డ్రగ్స్‌ది హెచ్. డ్రగ్ వాడకం ఎందుకు అభ్యంతరం అన్నది అందులోనే ఉంది: మత్తులో మనిషి విచక్షణ కోల్పోవచ్చు, పైగా చట్టం వద్దన్న పని తనకిష్టమైతే చేసేవాడు రహస్యపత్రాల నియమాలు పాటిస్తాడా అన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానం పోవడానికి ఏం చూస్తారో కూడా అక్కడే ఉంది. వాడకం ఎంత పాతది, ఎంత తరచుగా, ఏ పరిస్థితుల్లో, మళ్లీ జరిగే అవకాశం ఉందా. వాడేవాళ్లతో తిరగడం మానేశాడా. ఇకముందు వాడను, వాడితే క్లియరెన్స్ రద్దు చేయొచ్చు అని సంతకం చేసి ఇస్తాడా. అలవాటుగా మారి చికిత్స తీసుకున్నవాడైతే అది పూర్తి చేశాడా. దీంతోపాటు మొత్తం మనిషిని చూడాలన్న నియమం ఉంది. అప్పటి వయసు, పరిణతి, తనంతట తాను మానాడా లేదా, అన్నీ లెక్కలోకి వస్తాయి.

ఇన్ని నెలలు మానేస్తే చాలు అని ఆ గైడ్‌లైన్‌లో ఎక్కడా అంకె లేదు. ఇంటర్నెట్‌లో "ఏడాది రూల్" అని కనిపించేది ఎక్కువగా కొన్ని ఏజెన్సీలు తమ ఉద్యోగాలకి పెట్టుకున్న నియమం. ఎఫ్‌బీఐలో చేరాలంటే అప్లికేషన్‌కి ముందు ఏడాదిలో గంజాయి వాడి ఉండకూడదు. 2021కి ముందు అది మూడేళ్లు. నీది కాంట్రాక్టు కంపెనీ ద్వారా వచ్చే సీక్రెట్ క్లియరెన్స్. నీ విషయంలో ఒక మనిషి కూర్చుని ఎనిమిది నెలలు, కాలేజీ రోజులు, డెన్వర్ ట్రిప్పు, ఒక ఆడెరాల్ మాత్ర, వీటన్నిటినీ కలిపి చూస్తాడు. నిజం చెప్పాలంటే కాలేజీ వాడకం కంటే డెన్వర్ నీకు కాస్త బరువు. చదువయ్యాక, దగ్గరి రోజుల్లో జరిగింది కాబట్టి. అయినా ఆఫర్ రాకముందు జరిగింది, దాచలేదు, మానేశావు. ఇది గెలిచే కేసే అని నా అభిప్రాయం.

2021 డిసెంబర్‌లో అప్పటి నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ ఏవ్రిల్ హేన్స్ ఒక మెమో ఇచ్చారు. గతంలో సరదాకి గంజాయి వాడటం పరిగణనలోకి వస్తుంది గానీ అదొక్కటే నిర్ణయించదు అని అందులో ఉంది. నాన్నగారికి ఈ మాట చెప్పు. అదే మెమోలో ఇంకో ముక్క ఉంది, అది నీకు: ఫారం మీద సంతకం చేసిన క్షణం నుంచి పరిశీలన మొదలైనట్టు, అప్పటినుంచి వాడొద్దని అభ్యర్థులకి చెప్పమని ఏజెన్సీలకి సూచించారు. తీర్పులు చదివితే ఎక్కువ బాధ కలిగించేవి ఇవే. కాలేజీలో ఎంతో వాడి మానేసినవాడికి వస్తుంది. తక్కువే వాడినా, "ఇక వాడను" అని సంతకం పెట్టి రెండు నెలల తర్వాత పెళ్లి పార్టీలో ఒక దమ్ము లాగినవాడికి పోతుంది. దమ్ము ఒకటే, కానీ మాట తప్పాడు. ఇక క్లియరెన్స్ చేతికొచ్చాక వాడితే ఇంకా ఘోరం. ఆ ప్రశ్నకి ఏడేళ్ల గడువు కూడా లేదు, జీవితంలో ఎప్పుడైనా అని అడుగుతారు.

కాబట్టి ఇవాళ్టినుంచి పూర్తిగా మానేశావనుకో. పూర్తిగా అంటే సీబీడీ (గంజాయి జాతి మొక్కలో ఉండే, మత్తెక్కించని పదార్థం) నూనెలూ, గమ్మీలూ కూడా. 2018 చట్టం, మత్తెక్కించే టీహెచ్‌సీ 0.3 శాతం లోపు ఉన్న మొక్కని హెంప్ అని పిలిచి గంజాయి లెక్కలోంచి తీసేసింది. కానీ డబ్బా మీద రాసినదానికంటే లోపల ఎక్కువ ఉండొచ్చు, టెస్టు పాజిటివ్ వస్తే "సీబీడీ అనుకున్నాను" అన్నది నిలబడటం కష్టం. గంజాయి కంపెనీల షేర్లు రాబిన్‌హుడ్ లాంటి షేర్ల యాప్‌లో నేరుగా కొని ఉంటే అదీ చూసుకో. తెలిసి నేరుగా పెట్టిన పెట్టుబడి కూడా అభ్యంతరం కావచ్చని ఆ మెమోలోనే ఉంది. మ్యూచువల్ ఫండ్‌లో ఎక్కడో కలిసి ఉంటే ఆ బాధ లేదు. ఇంట్లో రూమ్మేట్ రోజూ తాగుతుంటే ఇల్లు మారడం మంచిది. స్నేహం తెంచుకోమనడం లేదు. నువ్వున్న గదిలో అది ఉండకూడదు.

"ముందుముందు వాడే ఉద్దేశం ఉందా" అన్న ప్రశ్నకి "ఫెడరల్‌గా లీగల్ అయితే ఆలోచిస్తా" లాంటి జవాబులు రాసినవాళ్లున్నారు. నిజాయితీగానే రాసి ఉంటారు. కానీ వాడే ఉద్దేశం చెప్పడాన్నే ఒక అనర్హతగా గైడ్‌లైన్‌లో రాశారు. నీకు నిజంగా మానాలని లేకపోతే ఈ ఉద్యోగమే వద్దు. ఇంకో మంచి ఉద్యోగం చూసుకో, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మానాలని ఉంటే "లేదు" అని రాసి, ఎందుకో నీ మాటల్లో రెండు వాక్యాలు రాయి.

ఇప్పుడు ఫ్రెండ్స్ మాట. ఎవడికి తెలుస్తుంది అంటున్నారు కదా. నీ ఫారంలో నువ్వే రిఫరెన్సుల పేర్లిస్తావు. ఇన్వెస్టిగేటర్ ఎవరితో మాట్లాడతాడో నీ చేతిలో లేదు. అందులో ఒకడు అమాయకంగా "అందరం కాలేజీలో తాగాం కదండీ" అంటే చాలు. రేపు నువ్వు పాలీగ్రాఫ్ (అబద్ధాల్ని పట్టే పరీక్ష) అవసరమైన పైస్థాయి ఉద్యోగానికి వెళ్తే అక్కడ మళ్లీ అడుగుతారు, అప్పుడు చెప్తే పాత ఫారంలో అబద్ధం బయటపడుతుంది. అప్పుడు సమస్య గైడ్‌లైన్ హెచ్ నుంచి గైడ్‌లైన్ ఈ కి మారిపోతుంది. ఈ అంటే వ్యక్తిగత ప్రవర్తన, సూటిగా అంటే నిజాయితీ. గంజాయి వాడకాన్ని కాలం పాతబరుస్తుంది. ప్రభుత్వానికి తెలిసి చెప్పిన అబద్ధం అంత తేలిగ్గా పాతబడదు, ఎందుకంటే ఆ ఉద్యోగానికి కావలసిందే నమ్మకం. పైగా ఫెడరల్ ఫారంలో తెలిసి అబద్ధం రాయడం నేరం, ఐదేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. అదే నిజం రాస్తే, ఆ జవాబుల్ని నీ మీద క్రిమినల్ కేసులో సాక్ష్యంగా వాడబోమని 23వ సెక్షన్‌లోనే హామీ రాసి ఉంటుంది. నాన్నగారికి ఆ వాక్యం ఫారంలో చూపించు, ఆయన భయం చాలావరకు అక్కడ తీరుతుంది. ఫారం బయటివాళ్లు చూసేది కూడా కాదు. చుట్టాలకీ, టెంపుల్‌లో కలిసేవాళ్లకీ తెలుస్తుందన్న బెంగ అక్కర్లేదు.

ఒకటి ముందే తెలుసుకో, లేకపోతే నిరాశ పడతావు. అసలు క్లియరెన్స్ వచ్చేలోపు తాత్కాలికంగా ఇంటరిమ్ ఇస్తుంటారు. దగ్గరి రోజుల్లో డ్రగ్ వాడకం ఉన్న ఫారంకి అది రాకపోవచ్చు. ఇంటరిమ్ రాలేదంటే తిరస్కరించినట్టు కాదు, పరిశీలన పూర్తయ్యేదాకా ఆగమన్నట్టు. ఇంటరిమ్ లేకపోతే జాయినింగ్ వెనక్కి జరుగుతుందా అని రిక్రూటర్‌ని ఇప్పుడే అడుగు. కారణం చెప్పాల్సిన పని లేదు. అప్పటిదాకా ఉన్న ఉద్యోగం మానొద్దు.

ఒకవేళ అభ్యంతరం వస్తే ముందు కారణాలు రాసిన కాగితం పంపుతారు. కాంట్రాక్టు ఉద్యోగుల కేసులు డిఫెన్స్ శాఖలోని డోహా అనే ఆఫీసుకి వెళ్తాయి. ఆ కాగితం అందిన 20 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి, జడ్జి ముందు విచారణ కోరొచ్చు, ఓడితే అప్పీలు ఉంది. చివరికి కాదన్నా ఏడాది తర్వాత మళ్లీ ప్రయత్నించొచ్చు. ఆ కాగితం వచ్చిన రోజే క్లియరెన్స్ కేసులు చూసే లాయర్ని కలవాలి. ఇప్పుడు నీకు లాయర్ అవసరం లేదని నా ఉద్దేశం.

లాయర్ నిజంగా అవసరమైనవాళ్లు వేరే ఉన్నారు. హెచ్-1బీ మీద, గ్రీన్ కార్డు మీద ఉండి ఇది చదువుతున్న వాళ్లు. మామూలుగా క్లియరెన్స్ సిటిజన్లకే ఇస్తారు కాబట్టి ఈ ఫారం మీ దాకా రాదు. కానీ గంజాయి మీకు ఇంకా పెద్ద ప్రమాదం. అరెస్టు లేకపోయినా, కోర్టు లేకపోయినా, వాడానని ఒప్పుకోవడమే ఇమిగ్రేషన్ చట్టంలో చిక్కు తేవచ్చు. రాష్ట్రంలో లీగల్ అయినా సిటిజన్‌షిప్‌కి కావలసిన సత్ప్రవర్తనకి అడ్డమవుతుందని 2019 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ శాఖ స్పష్టంగా చెప్పింది. అలాగే ఈమధ్యే సిటిజన్ అయి క్లియరెన్స్‌కి వెళ్లేవాళ్లు, సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో చెప్పినదానికీ ఇక్కడ రాయబోయేదానికీ తేడా ఉంటే, ఫారం ముట్టుకోకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. తమ్ముడూ, నీకు అమ్మానాన్నల ద్వారా వచ్చింది కాబట్టి, నువ్వు విడిగా అప్లై చేయలేదు కాబట్టి, ఈ బాధ నీకు లేదు.

ఈ వీకెండ్ ఒక పని చెయ్యి. ఫోన్‌లో ఫొటోలు, ట్రిప్పుల బుకింగులు, కాలేజీ సెమిస్టర్ తేదీలు ముందు పెట్టుకుని, ఎప్పుడు ఏం వాడావో ఒక పేజీ రాసుకో. దాన్ని చూసి ఫారం నింపు. పంపేముందు కాపీ దించుకుని భద్రంగా పెట్టుకో, ఎందుకంటే ఇన్వెస్టిగేటర్‌తో ఇంటర్వ్యూ ఉంటే గడి గడికీ దాన్నే ముందు పెట్టి అడుగుతాడు, తర్వాత ఎప్పుడో నింపే ఫారం కూడా దీనితో సరిపోవాలి. పంపాక ఏదైనా మర్చిపోయానని గుర్తొస్తే, వాళ్లు అడిగేదాకా ఆగకు. మీ కంపెనీ ఎఫ్‌ఎస్‌ఓకో ఇన్వెస్టిగేటర్‌కో నువ్వే ముందు చెప్పు. అడగకముందే సరిదిద్దుకున్నవాడికి గైడ్‌లైన్ ఈ లో ప్రత్యేకంగా చోటుంది.